ఉద్యోగము చేయు దంపతులు – విశ్వాసము – విడాకులు

(అధ్యక్ష మండల శతాబ్ది ఉత్సవముల సందర్భమున స్త్రీల మైత్రి సదస్సునందు చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశము "క్రైస్తవ కుటుంబము". నేను వేదాంత కళాశాలలో చదివినదానను కాను. 36 సంవత్సరములు నర్సుగా పని చేసి, 2014లో హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసినాను. కుటుంబమును గూర్చి నాకు తెలిసినదంతయు వార్డులలోను, హాస్టలు గదులలోను, నైటు డ్యూటీలో రెండు గంటల వేళ టీ త్రాగుచు విన్నదే. ఆ వేళకు అలసిపోయిన మనుష్యులు అబద్ధము చెప్పలేరు. కనుక కార్యదర్శిగారి అనుమతితో అంశమును కొంచెము మార్చుకొన్నాను. భార్యయు భర్తయు ఉద్యోగములు చేయు ఇండ్లలో మన విశ్వాసము ఏమి చేయుచున్నది, కాపురము చెడినప్పుడు అది ఎక్కడ ఉన్నది, ఈ సంగతి మాట్లాడెదను. పండుగ వేళ ఈ మాటలెందుకు అని ఎవరికైనను తోచినయెడల క్షమించగలరు.

ఈ మధ్య మా పాస్టరేటు కమిటీలో శతాబ్ది సంచికకు ఏమేమి వ్రాయవలెనో మాట్లాడుకొన్నాము. బడి కట్టిన సంవత్సరము, గంట తెచ్చిన సంవత్సరము, గురువుల పట్టిక, ఇవన్నియు అయిన తరువాత ఒక పెద్దాయన "మన సంఘములో విడాకులు లేవు. ఇది కూడ వ్రాయండి" అన్నారు. అందరును తల ఊపినారు. నేనును ఊపినాను. ఇంటికి వచ్చి పడుకొంటే నిద్ర పట్టలేదు. గుడిలో బెంచీల వరుస తలచుకొని ఒక్కొక్క ఇంటినే లెక్కపెట్టినాను. భార్య ఒక ఊరు, భర్త ఒక ఊరు, ఏండ్ల తరబడి ఒకరి ముఖము ఒకరు చూడని ఇండ్లు మా ఒక్క సంఘములోనే 7 తేలినవి. ఒకావిడ పుట్టింటికి వచ్చి 14 సంవత్సరములైనది. ఆయన ఏరి అని ఎవరైనను అడిగితే "ఉద్యోగము అక్కడ కదండీ" అని ఆమె తల్లి చెప్పును. మనమును "అవునవును" అందుము. ఈ ఏడు ఇండ్లలో కోర్టు కాగితము ఉన్నది ఒక్క ఇంటికే.

ఇది మా సంఘపు సంగతి మాత్రమే కాదు. 2011 జనాభా లెక్కలలో మన దేశములో విడాకులు పొందినవారు సుమారు 13 లక్షల 60 వేల మంది అని వ్రాసినారు. విడాకులు లేకుండనే విడిపోయి ఉన్నామని చెప్పుకొన్నవారు దాదాపు 35 లక్షలు. మొదటివారికంటె రెండవవారు రెండున్నర రెట్లు! చెప్పుకొనక "ఉద్యోగము అక్కడ" అన్నవారు ఈ లెక్కలో లేనే లేరు.

మరి కోర్టు కాగితములు మన వారిలో తక్కువగా ఉండుటకు కారణము మన విశ్వాసమేనా? నేనును చాలకాలము అట్లే అనుకొన్నాను. మన సంఘస్థుడైన వకీలుగారు ఒకరు చెప్పిన తరువాత నా లెక్క మారినది.

మన క్రైస్తవుల విడాకుల చట్టము 1869లో చేసినది. అది 2001 వరకు, 132 సంవత్సరములు, పెద్దగా మార్పు లేకుండ మన మీద ఉన్నది. దాని ప్రకారము భర్త విడాకులు కోరితే భార్య వ్యభిచారము రుజువు చేసిన చాలును. భార్య కోరితే భర్త వ్యభిచారము ఒక్కటి చాలదు; దానితోపాటు క్రూరత్వమో, రెండేండ్లు విడిచిపెట్టి పోవుటయో మరియొకటి రుజువు చేయవలెను. ప్రతి రాత్రి త్రాగి వచ్చి కొట్టువాడు పరస్త్రీ జోలికి పోనివాడైతే వాని భార్యకు విడాకులు లేవు. వేరుగా ఉండుటకు కోర్టు అనుమతి దొరకవచ్చును గాని బంధము తెగదు. జిల్లా జడ్జి విడాకులు ఇచ్చినను, హైకోర్టులో ముగ్గురు జడ్జీలు స్థిరపరచు వరకు అది చెల్లదు. ఇద్దరును ఒప్పుకొని విడిపోవుటకు హిందువులకు 1976లో దారి ఏర్పడినది. మనకు 2001 దాకా లేదు.

దీని ఫలితము ఉద్యోగము చేయు స్త్రీల మీద ఎట్లు పడినదో చూడండి. విడిపోదలచిన భర్తకు ఉన్నది ఒకే దారి, భార్య మీద వ్యభిచారపు నింద. అందులోను ఎవరితో అన్న పేరు కూడ కోర్టు కాగితములో వ్రాయవలెను. నైటు డ్యూటీ చేయు నర్సు మీద, క్యాంపులకు పోవు ఉద్యోగిని మీద ఆ నింద వేయుట ఎంత సులభము! నా ఉద్యోగ కాలములో మా హాజరు పట్టీల నకళ్ళు కావలెనని వచ్చిన వకీలు నోటీసులు నేను చూచినాను. ఆమె ఆ రాత్రి పసిబిడ్డల వార్డులో ఆరుగురు శిశువులకు పాలు పట్టుచుండెను. కోర్టులో అది ఇంట లేని రాత్రి.

1985లో సుప్రీంకోర్టు ముందుకు ఒక క్రైస్తవ స్త్రీ కేసు వచ్చినది. ఆమె విదేశాంగ శాఖలో పెద్ద ఉద్యోగిని. ఆ కాపురము పూర్తిగా విరిగిపోయినదని కోర్టు గ్రహించినది గాని, చట్టములో వారికి బయటికి దారి లేదు. చట్టము మారవలెనని ఆ తీర్పులో వ్రాసినవారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు, మన తెలుగువారే. 1995లో కేరళ హైకోర్టు, వ్యభిచారము కూడ రుజువు చేయవలెనన్న నిబంధనను క్రైస్తవ స్త్రీల విషయములో కొట్టివేసినది. పార్లమెంటు 2001లో గాని మేలుకొనలేదు. ఇప్పుడు క్రూరత్వము ఒక్కటియే కారణముగా భార్య అయినను భర్త అయినను కోర్టుకు పోవచ్చును. ఇద్దరును ఒప్పుకొని కూడ పోవచ్చును.

కాబట్టి మన పెద్దాయన గర్వముగా చెప్పిన మాటలో విశ్వాసము ఎంత, 1869 నాటి చట్టము ఎంత, పదిమంది ఏమనుకొందురో అను భయము ఎంత? నేను తూచలేను. మూడును కలిసి ఉన్నవని మాత్రము చెప్పగలను. మొదటిదానికి రావలసిన పేరు తక్కిన రెండింటికి ఇయ్యకూడదు.

అయితే విశ్వాసమునకు కాపురముతో పనియే లేదా? ఉన్నది. నా వృత్తివారి మీదనే జరిగిన ఒక పరిశోధన 2018లో అమెరికాలో ప్రకటించినారు. హార్వర్డు విశ్వవిద్యాలయపువారు ఏండ్ల తరబడి వేలకొలది నర్సుల ఆరోగ్యమును కనిపెట్టి చూచుచున్నారు. నడివయస్సులోను, ఆ తరువాతను ఉన్న వివాహితులైన నర్సులలో క్రమముగా ఆరాధనకు పోవువారికి, పోనివారితో పోల్చి చూడగా, విడాకులు దాదాపు సగమే అని తేలినది. ఒక చిక్కు ఉన్నది. కాపురము చెడినవారు సిగ్గుపడి గుడి మానివేయుదురు గనుక కూడ లెక్క అట్లు రావచ్చును. అందుచేత వారు ముందు ఆరాధనకు పోవుట వ్రాసికొని, తరువాతి సంవత్సరములలో ఏమి జరిగినదో చూచినారు.

ఇది విని సంతోషించుచుండగా మరియొకటి వినండి. 2014లో వేరే ఇద్దరు పరిశోధకులు, అదే అమెరికాలో, కట్టుదిట్టముగా బైబిలు నమ్ము ప్రొటెస్టెంటులు ఎక్కువగా ఉన్న జిల్లాలలో విడాకులు తక్కువ కాక ఎక్కువగా ఉన్నవని చూపినారు. వారు చెప్పిన ముఖ్య కారణములు చిన్న వయస్సులో పెండ్లి, చదువు మధ్యలో ఆగిపోవుట, చాలని రాబడి. మన ఊళ్ళకు ఇది క్రొత్త సంగతి కాదు. "పిల్లవాడు బాప్తిస్మము పొందినవాడు, ఇంక చూచునది ఏమున్నది" అని నెల తిరగకుండ పెండ్లి చేసిన ఇండ్లు మనకు తెలియును.

ఈ రెండు పరిశోధనలను కలిపి నేను అర్థము చేసికొన్నది ఇది. విశ్వాసపు పేరు కాపురమును నిలుపదు. కలిసి పోవుట, కలిసి కూర్చుండుట, మన ఇల్లు ఎట్లున్నదో చూచువారు నలుగురు ఉండుట, ఇది కొంత నిలుపును. అయితే అక్కడి లెక్కలో కనిపించినవారు ఆదివారము గుడికి పోగలిగినవారు. మన నర్సమ్మ శనివారము రాత్రి 8 గంటలకు డ్యూటీ ఎక్కి ఆదివారము ఉదయము 8 గంటలకు దిగును. తొమ్మిదిన్నర ఆరాధనకు వచ్చి ప్రసంగములో నిద్రపోయిన నర్సును చూచి నవ్విన పిల్లలను నేను మందలించినాను. వారి తల్లులును నవ్వినారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పవలెను. ఈ ప్రసంగము ఒప్పుకొన్నది దీని కొరకే.

అది 2003. నా క్రింద పని చేయు స్టాఫ్ నర్సు ఒక అమ్మాయి. పెండ్లియై మూడేండ్లు. భర్త ప్రైవేటు కంపెనీలో గుమస్తా, మంచి గాత్రము, ఆదివారము పాట ఎత్తుకొంటే గుడి అంతయు నిశ్శబ్దము. ఆ అమ్మాయి వేసవిలో కూడ జాకెట్టు చేతులు మోచేయి దాటి కుట్టించుకొని వచ్చెడిది. నేను చూచినాను. అడుగలేదు. ఒకనాడు డ్యూటీ మారు వేళ, లినెన్ గదిలో, తనంతట తానే అడిగినది. "అమ్మా, నేను కొన్నాళ్ళు మా అమ్మ దగ్గర ఉంటే పాపమా? జీతమంతా ఇచ్చేస్తున్నానమ్మా. అయినా కొడుతున్నాడు."

నేను ఏమన్నాను? మలాకీ గ్రంథము రెండవ అధ్యాయము జ్ఞాపకము చేసినాను. విడనాడుట దేవునికి అసహ్యమని చెప్పినాను. "సర్దుకుపో తల్లీ, ప్రార్థన చెయ్యి, ఆయన మారతాడు" అన్నాను. ఆమె చేతులు పట్టుకొని ప్రార్థించినాను. మంచి పని చేసితిననుకొని ఆ రాత్రి హాయిగా నిద్రపోయినాను. ఆమె సర్దుకుపోయినది.

ఐదు వారములకు క్యాజువాల్టీలో నేను ఉండగా ఆమెను రిక్షాలో తెచ్చినారు. ఎడమ ముంజేయి విరిగినది. "మెట్ల మీద జారిపడ్డాను" అన్నది. ప్రక్కన భర్త నిలువబడి ఉన్నాడు. ఇక్కడ నర్సులు ఉన్నారు, వారికి తెలియును. జారిపడువారు అరచేయి నేలకు ఆనింతురు. సాధారణముగా మణికట్టు దగ్గర విరుగును. దెబ్బ తప్పించుకొనుటకు ముఖమునకు అడ్డముగా చేయి ఎత్తినవారికి ముంజేతి నడుమ, చిటికెనవ్రేలి వైపు ఎముక విరుగును. ఎక్స్-రే నేను చూచినాను. ఆమె నన్ను చూచినది. రిజిస్టరులో కారణము వ్రాయవలసినచోట "మెట్ల మీద జారిపడినది" అని నా చేతితో నేనే వ్రాసినాను.

ఆ తరువాత మలాకీ గ్రంథము తెరచి ఆ వచనము మరల చదివినాను. 16వ వచనము. ఎన్ని పెండ్లిండ్లలో విన్నానో లెక్క లేదు. అయితే అందులో రెండవ సగము ఉన్నది. భార్యను విడనాడుట అసహ్యమని చెప్పిన దేవుడు, అదే ఊపిరిలో, బలాత్కారమును వస్త్రమువలె కప్పుకొను మనుష్యుడును తనకు అసహ్యమని చెప్పినాడు. నేను ఆ అమ్మాయికి మొదటి సగము ఇచ్చి, రెండవ సగము నా దగ్గరనే ఉంచుకొన్నాను. ఆ సగము ఆమె భర్తకు వినిపించవలసినది. వినిపించుటకు పోయినవారు ఎవరును లేరు.

మత్తయి సువార్త 19వ అధ్యాయమును కూడ మనము స్త్రీలకే బోధింతుము. ఆ ప్రశ్న అడిగినది ఎవరు? పరిసయ్యులు, పురుషులు. పరిత్యాగ పత్రిక వ్రాసియిచ్చు హక్కు ఆ కాలపు యూదులలో పురుషునిది. ఏ కారణమునకు ఇయ్యవచ్చును అన్న సంగతిలో వారి బోధకులలోనే రెండు పక్షములు ఉండెను. షమ్మాయి పక్షమువారు నడవడి చెడితేనే అన్నారు. హిల్లేలు పక్షమువారు వంట పాడుచేసినను చాలునన్నారు. ఇది యూదుల మిష్నాలో ఉన్నది. అటువంటివారి ఎదుట ప్రభువు వివాహము తెగరానిదని చెప్పినాడు. అనగా కూర మాడినదని వీధిలోకి గెంటబడు స్త్రీకి గోడగా నిలిచినాడు. ఆ గోడను తిప్పి, కొట్టు భర్త ఇంటిలో ఆమెను మూసిపెట్టుటకు మనము వాడుచున్నాము. పండితులు నన్ను సరిదిద్దవచ్చును. ఒక నర్సుగా నాకు కనబడినది ఇది.

చెడు మాత్రమే చెప్పి కూర్చుండను. మా వార్డులోనే మరియొక జంట ఉండిరి. ఆమె నర్సు, ఆయన బస్సు కండక్టరు. కొట్టుట, తిట్టుట లేదు. ఆయనకు రాత్రి వేరే ఊరిలో బస ఉండు సర్వీసు. ఈమెకు నెలలో పది రోజులు నైటు. ఇద్దరును మేలుకొని ఒకే ఇంటిలో ఉన్న గంటలు లెక్కపెట్టితే వారమునకు తొమ్మిది వచ్చినవి. ఆ తొమ్మిది గంటలును పోట్లాటయే. పిల్లను బడి నుండి ఎవరు తెచ్చుట, గ్యాసుకు ఎవరు చెప్పుట, అక్కడ మొదలై అనుమానముల దాకా పోయినది. విడాకుల మాట ఎత్తినది ఆమెయే.

అప్పటి మా అయ్యగారు చిన్న వయస్సువారు. ఆయన ఆదివారము వారిని పిలువలేదు. ఇద్దరును ఇంట ఉండునది బుధవారము మధ్యాహ్నము 3 గంటలకు అని తెలిసికొని, ఆ వేళ తానే పోయినారు. వాక్యము చదువలేదట. "మీ ఇద్దరి డ్యూటీ చార్టులు తీసుకురండి" అన్నారట. రెండును బల్ల మీద పరచి, పెన్సిలుతో గుర్తులు పెట్టినారు. తరువాత నా దగ్గరకు వచ్చి, ఆమె నైటులను ఆయన ఊరిలో లేని రోజులకు మార్చగలనా అని అడిగినారు. ఆ రాత్రులలో పిల్లను చూచుకొనుటకు అమ్మగారు ఒప్పుకొన్నారు. నేను మార్చినాను, దాని మూలముగా మరి ఇద్దరితో మాటలు పడినాను, అది వేరే కథ. నాలుగు నెలలు ప్రతి బుధవారము అయ్యగారు పోయినారు. చివర చిన్న ప్రార్థన మాత్రము చేసెడివారట.

ఆ జంట నేటికిని కలిసియే ఉన్నారు, పోట్లాడుకొనుచునే ఉన్నారు. తమను నిలిపినది ప్రార్థన అని వారందురు. డ్యూటీ చార్టు అని నేనందును. అయ్యగారిని అడిగితే, ఆ రెంటికిని తేడా ఏమిటో తనకు తెలియదని నవ్వినారు.

ఇక్కడ ఉన్న గురువులకు ఒక మనవి. పెండ్లికి ముందు పిల్లలను పిలిచి మాట్లాడుచున్నారు, మంచిదే. ప్రేమ, ఓర్పు, క్షమాపణ అన్నియు చెప్పుచున్నారు. నేను చూచిన కాపురములలో ఎక్కువ చెడినవి జీతము దగ్గర. నర్సింగు ప్యాసైన పిల్ల, టీచరు ఉద్యోగము ఉన్న పిల్ల కావలెనని వెదకి చేసికొందురు. కట్నము తీసికొనుట 1961 నుండి నేరము. అయినను కట్నము తీసికొని, ఆ మీద ఆమె ఏటీఎం కార్డు అత్తగారి బీరువాలో పెట్టుదురు. తన తమ్ముని ఫీజుకు వేయి రూపాయలు పంపిననాడు ఇల్లు రణరంగము. ఆమె గల్ఫుకో, ఇంగ్లండుకో పోవుటకు అప్పు చేసి, ఆ అప్పు తీర్చునది ఆమె, లెక్క అడుగువాడు ఆయన. కాబట్టి ఆ ఇద్దరినే ఎదురుగా కూర్చుండబెట్టి అడుగండి. ఖాతా ఎవరి పేరున ఉండును? కార్డు ఎవరి దగ్గర ఉండును? ఆమె నైటు డ్యూటీ ఉన్ననాడు అన్నము వండునది ఎవరు? ఇంటి మీద అప్పు ఎంత? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుటకు సిగ్గుపడు జంటకు మూడు ఆదివారముల ప్రకటనలు తొందరగా చదువకండి.

చట్టము సంగతి రెండు మాటలు. మన పల్లెలలో పెద్దమనుష్యులు స్టాంపు కాగితము మీద వ్రాయించి సంతకములు పెట్టించి, విడాకులైనవని పంపివేయుచున్నారు. క్రైస్తవ వివాహమునకు ఆ కాగితము చెల్లదు. దానిని నమ్మి మరల పెండ్లి చేసికొన్న ఆడపిల్ల పడు కష్టము ఆ పెద్దమనుష్యులు పడరు. సంఘము ఇచ్చు ఉత్తరమును చాలదు. రోమను కతోలిక సంఘ న్యాయసభ వివాహము చెల్లదని తీర్పు ఇచ్చినను, దేశ చట్టము ముందు అది చాలదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పినది. ఇక కొట్టబడుచున్న స్త్రీకి విడాకులే శరణ్యము కాదు. 2005 గృహ హింస చట్టము క్రింద, విడాకులు అడుగకుండనే, కొట్టకూడదని ఉత్తర్వును, ఆ ఇంటిలోనే ఉండు హక్కును అడుగవచ్చును. స్త్రీలకు రాబడితో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము ఉన్నది. జిల్లా కోర్టులోనే దాని కార్యాలయము ఉండును. 181కు ఫోను చేయవచ్చును. ఈ నంబరు మన గుడి గోడ మీద, ఆరాధన వేళల బోర్డు ప్రక్కన వ్రాయించుదమని నేను కమిటీలో అడిగినాను. "బాగుండదు" అన్నారు. మరల అడుగుదును.

విడాకులు పొందినవారు మరల గుడిలో పెండ్లి చేసికొనవచ్చునా, ఇది బిషపు అయ్యగారు నిర్ణయించు సంగతి. నేను నోరు ఎత్తను. గుడికి రావచ్చునా, బల్ల దగ్గర మన ప్రక్కన మోకరించవచ్చునా, ఇది మాత్రము మన చూపులే నిర్ణయించుచున్నవి.

ఆ చేయి విరిగిన అమ్మాయి 2004లో పుట్టింటికి వచ్చివేసినది. 2008లో కోర్టు, క్రూరత్వము కారణముగా, విడాకులు ఇచ్చినది. నేను లెక్కపెట్టిన ఏడు ఇండ్లలో కోర్టు కాగితము ఉన్న ఒక్క ఇల్లు ఆమెదే. కేసు జరిగిన నాలుగేండ్లలో ఆమెను చూడబోయిన సంఘస్థులు ఎవరో నాకు తెలియదు. నేను రెండుసార్లు మాత్రము పోయినాను. ఆమె భర్త ఆ నాలుగేండ్లును పాట ఎత్తుకొనుచునే ఉన్నాడు. ఆమె వచ్చిన ఆదివారము బెంచీలో ఇరుప్రక్కల చోటు ఖాళీగా ఉండెడిది. మెల్లగా రాకడ మానినది. మూడు మైళ్ళ అవతల మరియొక సంఘమునకు, తనను ఎవరును ఎరుగని చోటికి, కొన్నాళ్ళు పోయినదట. "విశ్వాసము చల్లారిపోయింది పాపం" అని మనవారు అనుకొనగా నేను విన్నాను.

ఆమె ఇప్పుడు సీనియరు నర్సు. తల్లిని దగ్గర ఉంచుకొని చూచుకొనుచున్నది. ఈ ప్రసంగము వ్రాసిన తరువాత మొదట ఆమె ఇంటికి తీసికొనిపోయి, పేరు లేకుండ ఇది చెప్పవచ్చునా అని అడిగి, అంతయు చదివి వినిపించినాను. రిజిస్టరు సంగతి దగ్గర ఆమె లేచి, వంటింటిలోకి పోయి టీ పెట్టుకొని వచ్చినది. చివర "ఆమె నన్ను క్షమించినది" అని ఒక వాక్యము వ్రాసియుంటిని. అక్కడ ఆపినది.

"అది తీసెయ్యండమ్మా. ఇంకా అంత దూరం రాలేదు నేను" అన్నది.

తీసివేసినాను. వచ్చే ఆదివారము నైటు డ్యూటీ లేదట. నా ప్రక్క బెంచీలో చోటు పెట్టెదనని చెప్పి వచ్చినాను. చూతునమ్మా అన్నది.